పెదవుల మధ్య నాలుగు పెల్లెట్లు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నీ బిడ్డ సింధును తిరుమలగిరిలోని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాను. ఎయిర్ రైఫిల్‌లో వేయడానికి నాలుగు సీసం పెల్లెట్లు పెదవుల మధ్య పెట్టుకుంది. అట్లా పెట్టుకుంటే మాటలు రావు, గురి చెదరదు అనేవాడివి. నువ్వు నాకు నేర్పిందే దానికి నేర్పాను.

కొత్త కోచ్ గబగబా వచ్చాడు. "మేడమ్, అవి నోట్లకెల్లి తీయించున్రి. సీసం పిల్లల ఒంట్లకు పోతే మస్తు ఖరాబు. చేతులు సుత సబ్బుతోని కడిగినంకనే టిఫిన్ తినాలె."

నేను అరచెయ్యి చాచాను. సింధు అందులో ఉమ్మేసి అడిగింది.

"నాన్న గిట్లనే పెట్టుకునేటోడంటివి కదా అత్తా. తప్పు చేసిండా?"

"నాన్నకు ఎవ్వరు చెప్పలేదు బిడ్డా."

అది నిజమేనా అన్నా? నీకు గుండెపోటన్నారు. సీసం సంగతి డాక్టర్లు అడగలేదు, మేమూ చెప్పలేదు. రెండింటికీ సంబంధం ఉందో లేదో ఇప్పుడు ఎవరినడగాలి?

సింధును సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కోమన్నాను. ఆ నాలుగు పెల్లెట్లూ ఎక్కడ పారేయాలో తోచలేదు. ఎడమ పిడికిట్లో పట్టుకునే నీకిది రాస్తున్నాను.