పైకి తిరిగిన బెల్టు

అక్కా,

ఫోను చేస్తే అయిపోయేదానికి ఈ ఉత్తరమేమిటని ముక్కు మీద వేలేసుకుంటావు. ఏం చేయను? మా షాపు గదికీ, మీ మరిది కూర్చునే ముందుగదికీ మధ్య ఉన్నది ఒక్క తలుపు. అది కూడా సరిగ్గా మూసుకోదు. నేను గొంతు తగ్గించానంటే ఆయన చెవులు ఇంకా పెద్దవవుతాయి. అందుకని కాగితం పట్టుకున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

సంగతేమిటంటే, మా బెల్టు గ్రైండరుకి మోటారు మారుస్తున్నాను. పాత సామాన్ల షాపులో త్రీ ఫేజు మోటారొకటి దొరికింది. దానితోపాటు వేగం తగ్గించుకోవడానికి, పెంచుకోవడానికి ఒక డ్రైవు కూడా తెచ్చాను. ఆయన కుడిచెయ్యి పడిపోయిన దగ్గర్నుంచీ సానపట్టే పని నేనే చేస్తున్నానని నీకు తెలుసు. పొద్దున్నే హోటళ్ళకీ దర్జీల దగ్గరికీ తిరిగి కత్తులూ కత్తెరలూ తెచ్చుకుంటాను, పదును పెట్టి మర్నాడు ఇచ్చొస్తాను. పాత మోటారుకి తెలిసింది ఒకటే వేగం. ఆయన చేతిలో అది పిల్లిలా ఉండేది. నా చేతిలో మాత్రం సన్నటి కత్తులు వేడెక్కి, అంచు నీలంగా కమిలిపోతోంది. కమిలిన ఉక్కుకి పదును నిలవదు. మొన్న ఒక హోటలు వంటాయన కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మా, మీ ఆయన మళ్ళీ పనిలోకి ఎప్పుడొస్తారు?" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మరి మీ ఆయన్నే అడగొచ్చు కదా అంటావు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఆయన తేల్చి చెప్పేశారు. "ఈ చేత్తో బెల్టు ముందు నిలబడి నవ్వులపాలు కాను. ఆ గదిలో ఇక అడుగుపెట్టను" అన్నారు. అన్నమాట మీదే ఉన్నారు. మిషను ఊసెత్తితే మొహం గోడవైపు తిప్పుకుంటారు. నేనూ ఎత్తడం మానేశాను.

ఇక నా గందరగోళం విను. మన ఇళ్ళలో కరెంటు ఒక ఫేజే కదా, ఈ మోటారుకి మూడు కావాలట. ఒకటిని మూడు చేసి ఇచ్చేది ఆ డ్రైవేనట. ఇంతవరకూ పాత సామాన్లాయన చెప్పాడు. తర్వాత ఆయనకీ తెలియదు. దాంతో వచ్చిన కాగితంలో చీమ తలకాయంత అక్షరాలు. ఏదో తెగించి కలిపాను. తిరిగింది! కానీ కత్తి ఆనించగానే నీరసం వచ్చినట్టు ఆగిపోతోంది. పైగా బెల్టు కిందికి దిగాల్సింది పోయి పైకి పోతోంది. నేను కలిపింది తప్పా, కొన్నది తప్పా, అసలు ఈ పనికి పూనుకోవడమే తప్పా, ఏదీ తెలియడం లేదు. రోజూ మోటార్లు విప్పి వైండింగు చుట్టేదానివి, నీకిది చిటికెలో పని. త్వరగా రాయి.

నీ చెల్లెలు,
పిచ్చుక

*

ఒసే పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి మా షాపులో అందరం నవ్వుకున్నాం. నీరసం వచ్చిన మోటారును ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు. తప్పు నీదీ కాదు, మోటారుదీ కాదు. దాని మూత విప్పి చూడు. ఆరు బోల్టుల మధ్య ఇత్తడి పట్టీలు ఉంటాయి. ఇప్పుడవి ఒకే వరసలో మూడు బోల్టులను కలుపుతూ అడ్డంగా ఉండి ఉంటాయి. అలా కలపడాన్ని స్టార్ అంటారు. మన ఇంటి కరెంటుతో నడిచే డ్రైవు మీద దానికి సగం బలం కూడా రాదు. మోటారు మీద ఉన్న రేకు చూసి, డెల్టా అనే రెండో పద్ధతికి మన ఇంటి వోల్టేజీయే రాసి ఉంటే పట్టీలు తీసి నిలువుగా, పై బోల్టుకీ కింది బోల్టుకీ కలుపుతూ పెట్టు. నీరసం వదిలిపోతుంది.

బెల్టు పైకి పోవడం ఇంకా తేలిక. డ్రైవు నుంచి మోటారుకి వెళ్ళే మూడు తీగల్లో ఏ రెండింటినైనా ఒకదాని చోట ఒకటి పెట్టు. తిరుగుడు మారిపోతుంది. డ్రైవు మీద తిరగేసే బటనుంటుంది కానీ దాన్ని సెట్టింగులో పనిచేయకుండా చెయ్యి. ఎప్పుడో చెయ్యి తగిలి బెల్టు పైకి తిరిగిందంటే కత్తి నీ మొహం మీదికే లేస్తుంది. ఎర్తు తీగ మరిచిపోయావో, నేనొచ్చి మరీ తంతాను. డ్రైవుకీ మోటారుకీ మధ్య స్విచ్చి పెట్టకు, డ్రైవు కాలిపోతుంది. కరెంటు తీసేసినా దాని కడుపులో కొంత ఉంటుంది. లైటు పూర్తిగా ఆరేదాకా మూత ముట్టుకోకు. మీ దగ్గర ఇనప పొడి ఎగురుతుంది కాబట్టి డ్రైవునొక డబ్బాలో బిగించు.

ఇవన్నీ చెప్పాను కానీ, నాకొకటి నచ్చలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఆ మనిషికి తెలియకుండా మోటారు బిగించడమేమిటి? గోడవైపు తిప్పుకున్న మొహం ముందు నువ్వు కూడా వెళ్ళి నిలబడవచ్చు కదా.

అక్క

*

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పట్టీలు నిలువుగా పెట్టాను. మోటారు ఎంత బుద్ధిగా తిరిగిందనుకున్నావు! వేగం తగ్గించి సన్నటి కత్తి ఆనిస్తే ఎక్కడా కమలలేదు. మూడు తీగలకీ ఎరుపు, పసుపు, నీలం టేపులు చుట్టి, డ్రైవు లోపల వాటి చోట్ల కూడా అవే రంగులు అంటించాను. బెల్టు కిందికి దిగుతుంటే నాకు నేనే ఇంజనీరులా కనబడ్డాను. ఆ సంతోషం ఒక్కరోజుతోనే సరి.

మర్నాడు కత్తులు ఇచ్చి వచ్చి స్విచ్చి వేస్తే బెల్టు పైకి పోయింది. డబ్బా విప్పి చూశాను. పసుపు చోట నీలం, నీలం చోట పసుపు. కంగారులో నేనే తారుమారు చేసి ఉంటానని మార్చాను. పనిచేసింది. తర్వాత కొన్నాళ్ళు బాగుంది. మళ్ళీ పైకి. మళ్ళీ మార్చాను. ఇప్పటికి ఎన్నిసార్లయిందో లెక్కపెట్టడం మానేశాను. తీగలు వాటంతట అవి నడిచి వెళ్ళవు కదా అక్కా? ఈ గదిలోకి వచ్చేది నేనొక్కదాన్నే. మీ మరిది చొక్కా బొత్తాలు కూడా నేనే పెడుతున్నాను, ఇక ఆయన్ని అనుమానించడానికేముంది? మరి ఎవరు మారుస్తున్నారు?

నేనే. ఈ మాట రాయడానికి ఇంత కాగితం పట్టింది. నేనే మారుస్తున్నాను, మార్చిన సంగతి నాకు గుర్తుండటం లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. తుక్కు బకెట్లో అరిగిపోయిన పాత కత్తులు కొన్ని పడేసి ఉంచుతాం. నిన్న చూస్తే వాటిలో నాలుగైదింటికి కొత్తగా సానపట్టినట్టుంది. అంచులు వంకరటింకరగా, చిన్నపిల్లలు గీతలు గీసినట్టు. నా పనిలో ఎన్ని లోపాలున్నా అంత అధ్వానంగా ఉండదు. వాటిని ఎప్పుడు పట్టుకున్నానో, ఎందుకు పట్టానో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. నా చేతులు నాకే పరాయివైనట్టు ఉన్నాయి.

అమ్మ గుర్తుందా? స్టవ్ ఆపేది. మళ్ళీ తనే వెలిగించేది. వెలిగించి, "ఎవరే స్టవ్ వెలిగించి వదిలేసింది?" అని మనిద్దరినీ నిలదీసేది. మొదట్లో మనం నవ్వేవాళ్ళం. తర్వాత నవ్వడం మానేశాం. అమ్మకి మొదలైనప్పుడు వయసెంతో నువ్వు చెప్పనక్కర్లేదు, నాకు తెలుసు. నాకు ఇప్పుడు అంతే.

నాకు చాలా భయంగా ఉంది అక్కా. చావంటే ఇంత భయం లేదు. మీ మరిదిని లేపి, కూర్చోబెట్టి, అన్నం కలిపి పెట్టేది నేను. ఆ నేనే రేపు ఆయన్ని ఎవరు మీరు అని అడిగితే? మతి లేని మనిషి తిరిగే బెల్టు దగ్గరుండకూడదు. వేలు పోతే వేలే పోతుంది, హోటలువాళ్ళ పిల్లవాడెవడైనా నేను పాడుచేసిన కత్తితో కోసుకుంటే? అందుకని ఒక నిర్ణయానికి వచ్చాను. మిషను అమ్మేస్తున్నాను. పక్క వీధి కత్తెరల షాపాయన ఈ గురువారం వచ్చి చూసుకుని పట్టుకెళతానన్నాడు. మీ మరిదికి మాత్రం ఓపిక లేక మానేశానని చెబుతాను. నువ్వు కూడా ఆ మాటే చెప్పాలి. ఒట్టు వెయ్యి.

నీ,
పిచ్చుక

*

అక్కా,

నీ జవాబు ఇంకా రాలేదు. దారిలో ఉండి ఉంటుంది. అందులో నన్ను నాలుగు తిట్టే ఉంటావు. ఈలోగా ఇక్కడ జరిగింది విను. విని నవ్వాలో ఏడవాలో నువ్వే తేల్చి చెప్పు, నాకు తేలడం లేదు.

గురువారం కత్తెరలాయన వచ్చాడు. ముందుగదిలో మీ మరిదిని పలకరించి నేరుగా షాపులోకి వచ్చాడు. ఆయనకి నేను సంగతి చెప్పలేదని పాపం అతనికేం తెలుసు, "మీ మిషను తీసుకెళ్ళడానికే వచ్చానండీ" అని ముందే ఆయనతో అనేశాడట. మిషను చుట్టూ తిరిగి చూసి, "ఏదీ, ఒకసారి తిప్పండమ్మా" అన్నాడు. స్విచ్చి వేశాను. బెల్టు పైకి పోయింది.

పొద్దున్న బయటికి వెళ్ళేముందు నేనే దాన్ని కిందికి తిప్పి చూసుకుని వెళ్ళాను. స్విచ్చి ఆపి స్టూలు మీద కూర్చున్నాను. "చూశారా, ఇందుకే అమ్మేస్తున్నా. నా బుర్ర పనిచెయ్యట్లేదు. నేనే మార్చి నేనే మర్చిపోతున్నా" అన్నాను. పరాయి మనిషి ముందు అలా నోరు జారాను. కత్తెరలాయన బిక్కమొహం వేసి చూస్తున్నాడు.

అప్పుడు తలుపు దగ్గర మాట వినిపించింది. మీ మరిది ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నువ్వు కాదు. అది నేను మార్చా."

"మీరేం మార్చారు?"

"ఆ తీగలే. కిందికి తిరిగితే బెల్టు కత్తిని లాక్కుపోతోంది, ఎడమచేతికి పట్టు చాలట్లేదు. పైకి తిరిగితే చేతి బరువంతా వేసి ఆనించొచ్చు. బటను నొక్కితే పలకదు. అందుకని విప్పి మార్చా."

నేను కత్తులు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా ఆయన ఈ గదిలోకి వస్తున్నారట. ఎడమచేత్తో నేర్చుకుంటున్నారట. బకెట్లో వంకరటింకర కత్తులు ఆయనవి. బాగా కుదిరిన కత్తి ఒకటి చేతికొచ్చాక నాకు చూపిద్దామనుకున్నారట. చిన్నపిల్లవాడిలా దాచుకున్నారు చూడు! నాకు ఒళ్ళు మండిపోయింది. "మార్చినవాళ్ళు మళ్ళీ సరిగ్గా పెట్టొద్దూ? ఇక్కడ నాకు పిచ్చెక్కుతోంది" అని అరిచాను.

"రోజూ సరిగ్గా పెట్టే వెళ్తున్నా కదా!"

"పెట్టట్లేదు. నేను పెడుతున్నా."

ఆయన తీగలవైపు చూశారు. నావైపు చూశారు. "మర్నాడు వచ్చి చూస్తే సరిగ్గానే ఉండేది కదే" అన్నారు, మెల్లగా.

నాకు నవ్వు తన్నుకొచ్చింది అక్కా. ఇన్నాళ్ళ భయం ఒక్కసారి దిగిపోయింది. నా బుర్ర బాగానే ఉంది! అమ్మకి వచ్చింది నాకు రాలేదు! కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతూ ఆయన మొహం చూశాను. ఆయన నవ్వడం లేదు. మార్చేశాననే నమ్మకంతో రోజూ కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నారు. కొన్నిసార్లు మార్చారు, కొన్నిసార్లు మర్చిపోయారు. ఆ మర్చిపోవడాన్ని నేను మాట్లాడకుండా సరిచేస్తూ వచ్చాను కాబట్టి ఆయనకి తెలియలేదు. నేను ఒక్కసారి ఈ తలుపు తీసి "బెల్టు మారుస్తున్నారా?" అని అడిగి ఉంటే మొదటిరోజే తెలిసేది.

నేనూ నవ్వు ఆపేశాను. నాకు కాదని సంతోషించాను, అక్కా. ఆయనకని తెలిశాక కూడా ఒక క్షణం ఆ సంతోషం పోలేదు. దానికి సిగ్గుపడుతున్నాను.

కత్తెరలాయన గొంతు సవరించుకుని, "ఇంతకీ మిషను ఇస్తారా లేదా?" అన్నాడు. ఇద్దరం ఒకేసారి "ఇవ్వం" అన్నాం.

నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాం. చెయ్యి పడిపోయినప్పుడే మెదడు కూడా కొంత దెబ్బతిందట. మరపు దానివల్ల కావచ్చు, కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు, కొన్నాళ్ళు చూడాలి అన్నారు. అంటే ఏమిటని రెండుసార్లు అడిగాను. డాక్టరు రెండుసార్లూ అదే చెప్పారు. వచ్చేదారిలో మీ మరిది నా చెయ్యి పట్టుకుని నడిచారు. ఏం మాట్లాడాలో తెలియక దారంతా మోటారు గురించే మాట్లాడుకున్నాం. పెళ్ళయినప్పటినుంచీ మేమంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి అనుకుంటాను.

వేగం బాగా తగ్గించి, మొహానికి అడ్డు పెట్టించి, పక్కన నిలబడి ఆయనచేత పని చేయిస్తున్నాను. తిడుతున్నారు. తిట్టనివ్వు. ఈ కాగితం అడుగున తనూ ఏదో రాస్తారట. జరగమంటున్నారు, జరుగుతున్నాను.

నీ,
పిచ్చుక

వదినా,

ఎడమచేత్తో రాస్తున్నా, అక్షరాలు చూసి నవ్వకండి. ఆ బటను పనిచేసేలా చెయ్యమని దీనికి మీరైనా చెప్పండి, నా మాట వినట్లేదు. తీగలు ముట్టుకునే ముందు పైకి చెప్పాలని ఒప్పందం చేసుకున్నాం. నేను చెప్పడం మర్చిపోతే ఇదే అడుగుతుంది.

తనకి మతిపోతోందని ఇది ఒక్కతే భయపడుతూ తిరిగిన రోజులన్నీ నేను పక్క గదిలోనే కూర్చుని ఉన్నాను వదినా. ఆ సంగతి మాత్రం నేను మర్చిపోను.

మీ మరిది