చప్పుడు లేని టోపీ

పంజగుట్ట,
నవంబరు 1946.

ప్రియమైన జీవమణికి,

ముందుగా ఒక మాట. నేను బాగానే ఉన్నాను. ఎవరైనా మెదక్ వచ్చి సాలమన్ తల పగిలిందని చెబితే నమ్మకు. పగల్లేదు, చిట్లింది.

దఫ్తర్ టపా తీసుకుని మోటారు సైకిలు, అదే మన ఫట్‌ఫటీ మీద బేగంపేట నుంచి వస్తున్నాను. అమీర్‌పేటలో పక్కకు తిరగబోతే వెనకనుంచి కంట్రోలు బియ్యం లారీ వచ్చి తగిలింది. హారన్ లేదు, పాడూ లేదు. రోడ్డు మీద బోర్లా పడ్డాను. టపా కాగితాలు నలుదిక్కులా ఎగిరిపోయాయి. కూరగాయలమ్మే ఆడవాళ్లు ఏరి ఇచ్చారు. ఏమనుకున్నారో తెలియదు గానీ మూతులకు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎందుకు నవ్వరు? నా పంట్లాం వెనకవైపు చినిగింది. మన చర్చివాళ్లు కూడా అక్కడే ఉన్నారు. ఛీ, దెబ్బకంటే ఆ సిగ్గే ఇంకా మండుతోంది.

లారీ నడిపింది యూసుఫ్‌గూడ నర్సింహులు. హారన్ కొట్టానని ఒట్లు పెడుతున్నాడు. నేను దఫ్తర్లో బైబిలు మీద చెయ్యివేసి కొట్టలేదని చెప్పాను. నన్నెవరూ వేయమనలేదు, నేనే వేశాను. లారీ కంట్రాక్టరు నర్సింహులును పనిలోంచి నిలిపేశాడు. క్రిస్మస్ అయ్యాక పోలీసు అమీను సాబ్ ముందర పేషీ ఉంది. నా మాట నిలబడితే వాడి లైసెన్సు పోతుంది. పోనీ. తల పగిలితే ఎవరు అతికిస్తారు?

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. హెల్మెట్ లేకుండా ఫట్‌ఫటీ ముట్టుకోవద్దని మా సాబ్ హుకుం తీశాడు. యుద్ధం అయిపోయాక పటాలం సామానంతా సికింద్రాబాద్‌లో అమ్ముతున్నారు కదా, అక్కడ దొరుకుతాయట. మా దఫ్తర్ జవాను ఓదెలు అటు పోతుంటే నా రూమీ టోపీ నంబరు చెప్పి ఒకటి తెమ్మన్నాను. తెచ్చాడు. అది చెవులదాకా దిగితే ఒట్టు! నడినెత్తిన కూర్చుంది. ఖైరతాబాద్ దాటకముందే గాలికి లేచి వెనక పడింది. ఓదెలు దఫ్తర్లో అందరి ముందూ, "సాలమన్ భాయ్, నీ నెత్తి మీద కోడి పొదుగుతున్నట్టుందే!" అన్నాడు. ఆ పూటకు నేను ఎవరి మొహమూ చూడలేదు.

అమ్మ క్షేమం. కాకపోతే ఈ మధ్య అన్నీ నోట్లోనే గొణుగుతోంది. అడిగితే విసుక్కుంటుంది. నువ్వూ నర్సు పని నేర్చుకోవడానికి మెదక్ వెళ్లేముందు అలాగే చేసేదానివి. కొత్త పాస్టరుగారికీ గొంతు లేదు. ఓదెలు ఒక్కడే నోరు తెరిచి మనిషిలా మాట్లాడతాడు.

నీ
సాలమన్

మెదక్,
నవంబరు 1946.

ప్రియమైన మా ఆయనకు,

మీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. పంట్లాం దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. వార్డులో నవ్వినందుకు పెద్ద నర్సమ్మ చేత చీవాట్లు తిన్నాను. ఆ చీవాట్లు మీ ఖాతాలో వేసుకోండి.

అయినా రూమీ టోపీ కొలతతో హెల్మెట్ కొంటారా ఎవరైనా? రూమీ టోపీ నెత్తిమీద కూర్చునేది, సాబ్ వస్తే సలాం కొట్టడానికి పెట్టుకునేది. ఇది తలంతా పట్టుకోవాల్సింది. మా వార్డులో సత్యరాజు గారని ఒకాయన ఉన్నారు. బర్మా యుద్ధంలో ఫట్‌ఫటీ మీద టపా మోసిన మనిషి. మీ సంగతి చెబితే ఆయన మంచం మీద లేచి కూర్చుని, కట్టుగుడ్డ ముక్క తీసుకుని నా తలకే చుట్టి చూపించారు. కనుబొమలకు కాస్త పైనుంచి, చెవుల మీదుగా, వెనక ఉబ్బెత్తుగా ఉన్నచోట తిప్పి కొలవాలట. పెట్టుకుని తల ఊపితే నుదుటి చర్మం దాంతోపాటు కదలాలి, అది మాత్రం జారకూడదు. గడ్డం కింద పట్టీ బిగించాక వెనకనుంచి ఎత్తిచూస్తే ఊడిరాకూడదు.

ఆయన మరీ మరీ చెప్పింది చప్పుడు గురించి. చెంపల దగ్గర తోలుకు సందుంటే గాలి దూరి ఈల వేస్తుందట, రోజంతా ఆ మోత వింటే మనిషి సగం చస్తాడట. కాబట్టి ఊరికే దుకాణంలో అద్దం చూసుకుని మురిసిపోకండి. పెట్టుకుని బండి మీద ఒక చక్కర్ కొట్టిరండి. ఏది తక్కువ మోత చేస్తే అదే కొనండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. నాకు మీ తల కావాలి.

ఇంకో మాట అడగకుండా ఉండలేను. నర్సింహులన్న నిజంగా హారన్ కొట్టలేదా? మన పెళ్లికి మా వాళ్లందరినీ లారీలో ఎక్కించుకొచ్చింది ఆయనే. మేక కనబడితే హారన్, మనిషి కనబడితే హారన్, ఎవరూ కనబడకపోతే ఉత్తపుణ్యానికి హారన్. పెళ్లికి చర్చిలో అడుగు పెట్టేసరికి నాకు తల దిమ్మెక్కిపోయింది. అలాంటి మనిషి నడిబజారులో కొట్టలేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. కోప్పడకండి.

ఇక నేను గొణుగుతానంటారా? నేను పిలిస్తే ఈ వార్డు చివరి మంచం మీద రోగి కూడా లేచి కూర్చుంటాడు. అత్తమ్మకు నా వందనాలు.

మీ
జీవమణి

పంజగుట్ట,
డిసెంబరు 1946.

ప్రియమైన జీవమణికి,

కోప్పడవద్దంటూనే కోపం తెప్పిస్తావు. బైబిలు మీద చెయ్యివేసి చెప్పాక కూడా సొంత భార్యే అనుమానిస్తే బయటివాళ్ల సంగతేమిటి? విననిదాన్ని విన్నానని ఎట్లా చెప్పను?

సరే, నువ్వు చెప్పినట్టే సికింద్రాబాద్ పోయాను. తోడుగా ఓదెలు వచ్చాడు. నువ్వు రాసినట్టు తలకు తాడు చుట్టి కొలిపించుకున్నాను. దుకాణంలో ఉన్నవాళ్లంతా పనులు మానుకుని చూశారు, దర్జీ దగ్గర తలకు చొక్కా కుట్టించుకుంటున్నానని అనుకున్నారేమో. నా తలకు పట్టేవి మూడు దొరికాయి. ఒకటి గట్టి అట్టతో చేసి పైన గుడ్డ అతికించింది. ఒకటి పైన గుండ్రంగా ఉండి చెంపలకు తోలు వేలాడేది. ఇంకొకటి బరువుగా ఉంది గానీ లోపల మెత్త ఉంది, చెవుల దగ్గర తోలు చక్కగా అంటుకుంది.

ఒక్కోటి పెట్టుకుని మా దఫ్తర్ ఫట్‌ఫటీ మీద ఇద్దరం చక్కర్లు కొట్టాం. ఓదెలు ముందు పోయాడు. మొదటిది పెట్టుకుని వచ్చి, "వామ్మో, చెవుల రైలు కూత పెడ్తుంది!" అన్నాడు. రెండోది ఇంకా అన్యాయమట, వరద పారినట్టు హోరట. మూడోది జర నయమన్నాడు. తర్వాత నేను పోయాను. ఏం కూతా లేదు, ఏం హోరూ లేదు! మూడింటికి మూడూ చల్లగా, హాయిగా ఉన్నాయి. ఫట్‌ఫటీ చప్పుడు కూడా దూరంనుంచి వస్తున్నట్టుంది. "నీ చెవులకు సుకుమారం ఎక్కువయింది" అని వాణ్ణి మొహం మీదే ఎగతాళి చేశాను. చప్పుడు సంగతిలో నాకు మూడూ ఒకటే కాబట్టి, బిగువు మాత్రం చూసుకుని మూడోదే తీసుకున్నాను. నుదుటి చర్మం నువ్వు చెప్పినట్టే కదిలింది.

నిన్న నర్సింహులు భార్య చిలకమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి కొంగు మూతికి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. ఒక్క ముక్కా అర్థం కాలేదు. గట్టిగా చెప్పమని కసిరాను. ఇంకా తల దించుకుంది. ఏడుపుతో నా సాక్ష్యం మార్పించడానికి వచ్చిందని, "పేషీల జెప్పుకో పో" అని పంపేశాను. అమ్మ నావైపు చూసి పెదవులు కదిపింది. ఇంట్లో నాకు ఎదురు నిలబడి గట్టిగా తిట్టే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

పండగకు నీకు సెలవు ఇస్తారా?

నీ
సాలమన్

మెదక్,
డిసెంబరు 1946.

ప్రియమైన మా ఆయనకు,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. కోపం వస్తే రానివ్వండి, కానీ చివరిదాకా చదవండి.

మీరు రాసింది సత్యరాజు గారికి చదివి వినిపించాను. ఓదెలు మాటల దగ్గర ఆయన నవ్వుతూ తల ఊపారు. మీకు మూడూ చల్లగా ఉన్నాయన్న చోట నవ్వు ఆపేశారు. "అమ్మా, చప్పుడు లేని హెల్మెట్ నేనింతవరకు చూడలేదు. ఎంత మంచిదైనా గాలి కొంత మోగుతుంది. మీ ఆయనకు చెవులు ఎట్లున్నయి?" అన్నారు. ఆయనకూ ఒక చెవి పూర్తిగా పోయింది, ఏళ్లతరబడి ఇంజిను మోత విని. పోయిన సంగతి ఆయనకే చాలాకాలం తెలియలేదట. చుట్టుపక్కల వాళ్లంతా మెల్లగా మాట్లాడుతున్నారని తగువులు పెట్టుకునేవారట.

అంతే, మీ ఉత్తరాలన్నీ తీసి మళ్లీ చదివాను. అత్తమ్మ గొణుగుడు, పాస్టరుగారి గొంతు, ఓదెలు ఒక్కడే మనిషిలా మాట్లాడటం. ఓదెలు అరుస్తాడండీ! ఆయన మన ఇంట్లో మాట్లాడితే పక్కింట్లో పిల్లలు లేస్తారు. చిలకమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటే మీకు పెదవులు కనబడలేదు.

నేను నర్సు పని నేర్చుకుంటున్నానని గొప్పలు పోతాను. పక్కన పడుకునే మనిషికి వినపడటం లేదని కనిపెట్టలేకపోయాను. పిలిస్తే పలకడం లేదని, నేనంటే లెక్క లేదని మొహం ముడుచుకుని ఇక్కడికి వచ్చేశాను. ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.

నామీద నమ్మకం లేకపోతే అత్తమ్మను వెనక నిలబడి పిలవమనండి. మీ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. చెవులు లేనివాడికి ఫట్‌ఫటీ ఇవ్వరు. అయినా పేషీ రాకముందే ఈ పని చేయండి. నర్సింహులన్న ఇంట్లో పొయ్యి మీ మాట మీద ఆధారపడి ఉంది.

మీరంటే నాకు ఇప్పుడే ఎక్కువ ప్రేమగా ఉంది. ఇది మెల్లగా అనడం లేదు.

మీ
జీవమణి

పంజగుట్ట,
జనవరి 1947.

ప్రియమైన జీవమణికి,

నీ ఉత్తరం ముందు చింపేశాను. తర్వాత ముక్కలు ఏరుకుని మళ్లీ చదివాను. నాకు చెవుడా? నాకు? ఇల్లంతా తిరుగుతూ అదే మాట అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు.

చివరికి అమ్మను వెనక నిలబడి పిలవమన్నాను. గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఎంతసేపు చూసినా పిలవదు. విసుగొచ్చి, "పిలువరాదమ్మా, ఎంతసేపు కూసోవాలె" అని తిరిగాను. అమ్మ ద్వారబంధం పట్టుకుని ఏడుస్తోంది. వాకిట్లో పక్కింటి రుద్రమ్మా వాళ్ల కోడలూ ఏం ఆపద వచ్చిందోనని పరిగెత్తుకొచ్చి నిలబడి ఉన్నారు.

అమ్మ ఎన్నాళ్లుగా అలా అరుస్తోందో! నేను ఎన్నిసార్లు కసిరానో! నిన్ను ఏమేమి అన్నానో తలుచుకుంటే తలెత్తబుద్ధి కావడం లేదు. క్రిస్మస్‌కు చర్చిలో వెనక వరసలో కూర్చున్నాను. ఆ బైబిలు మీదే కదా చెయ్యివేశాను. తెలిసి అబద్ధం ఆడలేదు, నిజమే. కానీ అంత గట్టిగా చెయ్యి వేయమని నన్ను ఎవరడిగారు?

పేషీ రోజు మా సాబ్ కూడా వచ్చాడు. అమీను సాబ్ ఎదుట నిలబడి, పెదవులు కనబడేలా నావైపు తిరిగి మాట్లాడమని ముందే బతిమాలాను. "హారన్ కొట్టిండో లేదో నేను చెప్పలేను సాబ్. కొట్టినా నాకు వినబడది. నేను చెవిటోణ్ణి" అన్నాను. దఫ్తర్ జవాన్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓదెలు నేల చూపులు చూశాడు. అమీను సాబ్ చాలాసేపు కాగితాలు తిరగేసి, నర్సింహులు మీద ఏమీ లేదని రాయించాడు. మళ్లీ పనిలోకి తీసుకుంటానని కంట్రాక్టరు అక్కడే ఒప్పుకున్నాడు. మా సాబ్ నా ఫట్‌ఫటీ తాళం, హెల్మెట్ రెండూ తీసుకుని నన్ను టపా గదిలో లక్క సీళ్లు వేయడానికి పెట్టాడు. అదీ దయే.

బయటకు వచ్చాను. నర్సింహులు ఆగి ఉన్నాడు. నన్ను చూసి పెదవులు కదిపాడు. తిట్టాడనుకున్నాను. తిట్టే హక్కు ఆయనకుంది. మామూలుగా అయితే తల ఊపేసి పోయేవాణ్ణి. కానీ ఆయన తిట్టు కూడా వినకుండా పోవడం ఇంకో తప్పు అనిపించింది. దగ్గరికి పోయి, "నాకు వినబడదన్నా. జర గట్టిగ చెప్పు" అన్నాను. నా జన్మలో ఎవరినీ అలా అడగలేదు.

ఆయన నా చెవి దగ్గర నోరు పెట్టి రోడ్డంతా తిరిగిచూసేలా అరిచాడు.

"నెత్తి దెబ్బ మానిందా అని అడుగుతున్ననే!"

మానిందని చెప్పాను. ఆయన నా భుజం తట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే తట్టుకుని ఇంటిదాకా నడిచి వచ్చేవాణ్ణి జీవమణీ. అక్కడే రోడ్డు పక్కన కూలబడిపోయాను.

నీ
సాలమన్