చుక్క కదులుతూనే ఉంది

మార్చి 2, ఆదివారం

చేతిరాత బాగోదు. తప్పులుంటాయి. ఐదో తరగతితో మానేశాను, ఏమీ అనుకోవద్దు. ఎవరిని బతిమాలుతున్నానో నాకే తెలీదు, ఇది ఎవరూ చదివేది కాదు. పొరపాటున ఎవరికైనా దొరికితే దయచేసి కాల్చెయ్యండి. నాకు సిగ్గు.

ఇది మామయ్య పాత ట్రిప్పు పుస్తకం. ముందు సగం ఆయన లారీ నడిపిన రోజులవి. ఎక్కడ బయల్దేరారు, ఎక్కడ టైరు పేలింది, ఏ వాగు దగ్గర నీళ్ళు తగ్గేదాకా రెండు రోజులు కూర్చున్నారు, అన్నీ ఉన్నాయి. వెనక సగం ఖాళీ. పాత పేపర్లలో వేసేస్తుంటే అడిగి తీసుకున్నాను.

మా ఆయన పొద్దున ఆరింటికి వెళ్ళారు. పదకొండు రోజుల ట్రిప్పు. పెళ్ళయి మూడేళ్ళు. ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే ఒక్క ఏడాది కూడా కాదు.

మార్చి 3, సోమవారం

ఫోన్లో బండి నంబరు కొడితే మ్యాపు వస్తుంది. దాని మీద నీలం చుక్క. అదే లారీ. సరుకు తాలూకు వాళ్ళు చూసుకోవడానికి కంపెనీ పెట్టింది. ఆయన నా ఫోన్లో కూడా పెట్టిచ్చారు.

నన్ను ఫోన్ చెయ్యొద్దన్నారు. స్టీరింగు ముందు ఆయన మొహానికెదురుగా కెమెరా ఉంది. ఫోన్ ముట్టుకుంటే అరుస్తుంది. ఆవలిస్తే అరుస్తుంది. పక్కకి చూస్తే అరుస్తుంది. అది నీకు సవతి అని నవ్వుతారు. మామయ్య విని, మీ అత్తయ్య కూడా నన్నింత నిలదీయలేదమ్మా అన్నారు.

చుక్క కదులుతుంటే నేను బాగున్నట్టే, ఆగిన చోట నేనే ఫోన్ చేస్తాను అని మా ఆయన చెప్పారు. అందుకని వంట చేస్తూ కూడా ఫోన్ పక్కనే పెట్టుకుంటాను.

మార్చి 4, మంగళవారం

కూరగాయలు తరుగుతుంటే మామయ్య వచ్చి కూర్చుని పాత రోజుల కబుర్లు చెప్పారు. బండికి ఇద్దరు డ్రైవర్లట. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు సీటు వెనక బల్ల మీద నిద్రపోయేవాళ్ళట. ఇప్పుడు ఆ బల్ల ఉంది, మెత్తటి పరుపు కూడా ఉంది, పడుకునే మనిషే లేడు అన్నారు.

దారిలో ఒక టీ కొట్లో బిస్కెట్ల డబ్బా ఉండేదట. చీటీ రాసి అందులో వేస్తే, మన వైపు వచ్చే లారీ ఏదైనా సరే తీసుకొచ్చి ఇంట్లో ఇచ్చేది. తెలిసినవాళ్ళే కానక్కర్లేదు. లారీ వాళ్ళయితే చాలు. ఒంట్లో బాగోని డ్రైవర్ని వదిలి వెళ్ళిన బండిని నేను చూళ్ళేదు అన్నారు.

పోయిన అత్తయ్య దాచుకున్న చీటీ ఒకటి చూపించారు. కూడబలుక్కుని చదివాను. "బాగున్నాను. ఇరుసు విరిగింది. నాలుగు రోజులు ఆలస్యం. ఇంట్లో ఫోన్ పెట్టారని తెలిసింది, సంతోషం. పిల్లాడికి నంబరు కంఠతా పట్టించు."

ఆ ల్యాండ్‌లైన్ ఫోన్‌కి ఇప్పుడు లైను లేదు. ఏడాదిన్నర కింద నేనే తీయించేశాను, ఎవరూ చెయ్యని ఫోన్ ఎందుకని. మామయ్య మాత్రం ఫోన్‌ని స్టాండు మీదే ఉంచి రోజూ తుడుస్తారు.

మార్చి 6, గురువారం

ఆయన ఫోన్ చేశారు. నాలుగు నిమిషాలు. పోర్టు గేటు దగ్గర స్లాట్ ఉందట, పదకొండో తేదీ మధ్యాహ్నం మూడు. పది నిమిషాలు దాటితే మళ్ళీ మర్నాడే. ఎడమ భుజం లాగుతోందన్నారు. బామ్ రాసుకోమన్నాను. ఇంకేంటి అన్నారు. ఏం లేదన్నాను. ఎప్పుడూ అంతే. పెట్టేశాక అన్నీ గుర్తొస్తాయి.

మార్చి 7, శుక్రవారం, మధ్యాహ్నం 12.40

చుక్క కదలడం లేదు. గంటయింది. రోడ్డు పక్క పెట్రోల్ బంకు దగ్గర ఉంది. ఫోన్ చేద్దామనుకుని ఆగాను. భోంచేస్తున్నారేమో.

2.50

కదిలింది. ఉత్తపుణ్యానికి కంగారుపడ్డాను.

మార్చి 8, శనివారం

మామయ్య ఫోన్ తెమ్మన్నారు. కళ్ళజోడు పెట్టుకుని మ్యాపు చాలాసేపు చూశారు. చుక్క ఘాట్ రోడ్డు దిగింది. పైన ఆగకుండా దిగింది. దిగే ముందు ఐదు నిమిషాలు ఆగి, కిందికి దిగి చక్రాలు చేత్తో ముట్టుకుని చూడ్డం ఆయనకి మామయ్యే నేర్పారట. ఇన్నేళ్ళలో మానలేదట. నాకు నవ్వొచ్చింది. కొత్త బండ్లకి అవన్నీ అక్కర్లేదు మామయ్యా అన్నాను.

"వాడు కాదమ్మా నడిపేది," అన్నారు.

పెద్దవాళ్ళు ఇలా అపశకునం మాటలు అనకూడదు. కోపం వచ్చింది. పైకి అనలేదు.

మార్చి 9, ఆదివారం

ఆయన ఫోన్ స్విచాఫ్. చుక్క కదులుతోంది.

మార్చి 10, సోమవారం

మామయ్య పోరు పడలేక కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేశాను. ముందే ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను. ఎవరో అబ్బాయి ఎత్తి బండి నంబరు అడిగాడు. చెప్పాను. బండి ఆన్ టైమ్ మేడమ్, రేపు మూడుకి చేరుతుంది, ఏ ప్రాబ్లమ్ లేదు అన్నాడు. నన్ను మేడమ్ అనేసరికి నోరు పెగల్లేదు. థాంక్స్ అని పెట్టేశాను.

కాగితం మీద రెండో లైను ఉంది. ఆయన ఎలా ఉన్నారు అని. అడగలేదు.

మార్చి 11, మంగళవారం

2.35 కి చుక్క పోర్టు గేటు దగ్గరికి చేరింది. ఇరవై ఐదు నిమిషాల ముందే. మామయ్యకి చూపించి, చూశారా అన్నాను. సంతోషంగా మా ఆయన చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి పెట్టాను. మామయ్య అన్నం ముట్టుకోలేదు.

మార్చి 12, బుధవారం

రాయలేను.

మార్చి 24, సోమవారం

రాస్తాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

పన్నెండో తేదీ పదకొండింటికి కానిస్టేబుల్ వచ్చాడు. చేతిలో ఆయన లైసెన్సు జెరాక్సు. దాని మీద అడ్రసు చూసి వచ్చాడట. టోపీ తీసి చంకలో పెట్టుకుని, అమ్మా, కూర్చోండి అన్నాడు. నిన్న పొద్దున ఆసుపత్రిలో పోయారని చెప్పాడు. నేను ఫోన్ తీసి అతనికి చూపించాను.

"కాదండీ. వేరే ఎవరో అయ్యుంటారు. మావారు బండి నడుపుతున్నారు. చూడండి, కదులుతోంది."

అతను చూశాడు. చుక్క నిజంగానే కదులుతోంది. మామయ్య చెప్పులేసుకుని, ఏ ఆసుపత్రి అని అడిగారు.

ఏడో తేదీన బంకు దగ్గర ఆయనకి గుండెలో నొప్పొచ్చింది. కళ్ళు మూతలు పడుతుంటే కెమెరా అరిచింది. ఆఫీసుకి తెలిసింది. మూడు గంటలకి ఇంకో డ్రైవర్ని కారులో పంపారు. ఆ కారులోనే ఆయన్ని దగ్గరి ఊళ్ళో ఆసుపత్రిలో చేర్చారు. లారీ వెళ్ళిపోయింది. ఆయన ఫోన్ లారీలోనే ఉండిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నది అప్పుడే.

మేం వెళ్ళేసరికి నర్సమ్మ మా కోసం ఆగింది. పెద్దావిడ. డ్యూటీ అయిపోయినా వెళ్ళలేదు. నా నంబరు ఆయనకి నోటికి రాదు. ఈ రోజుల్లో ఎవరికొస్తుంది. ఆయనకి నోటికొచ్చింది ఒక్కటే, చిన్నప్పుడు వాళ్ళమ్మ పట్టించిన ఇంటి నంబరు. ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పారట. కంపెనీ ఫారంలోనూ అదే ఉంది.

నర్సమ్మ చేసింది. ఆ నంబరు లేదని వచ్చింది. ఆయన మళ్ళీ చెయ్యమన్నారు. రోజూ అడిగారు, నాలుగు రోజులు. ఆయన మొహం చూసి, లేదని చెప్పడానికి ఆవిడకి మనసొప్పలేదట. రింగవుతోంది బాబూ, ఎవరూ ఎత్తట్లేదు అని చెప్పిందట.

మా ఆవిడకి సిగ్గెక్కువ, కొత్త నంబర్లు ఎత్తదు అన్నారట.

లైను తీయించానని ఆయనకి చెప్పానో లేదో నాకు గుర్తు లేదు. ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఫోన్ స్టాండు మీదే ఉండేది. మామయ్య తుడుస్తూనే ఉండేవారు. ఆయన అది చూసి లైను ఉందనే అనుకున్నారు.

ఆయన ఆ నంబరే చెప్పారన్న సంగతి నేనింకా మామయ్యకి చెప్పలేదు. నర్సమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

మార్చి 27, గురువారం

కంపెనీ వాళ్ళు సంచీ పంపారు. రెండు జతల బట్టలు, ఫోన్, సీలు తియ్యని బామ్ సీసా. ఉత్తరంలో మా సిబ్బంది కుటుంబం అని ఏదో ఉంది. పూర్తిగా చదవలేకపోయాను.

మామయ్య, చీటీ అయినా నాలుగో రోజుకి వచ్చేది అన్నారు. అంతే అన్నారు.

మార్చి 30, ఆదివారం

మామయ్య ఆ ఫోన్ తుడవడం మానేశారు. తెలిసిపోయినట్టుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

ఏప్రిల్ 2, బుధవారం

చుక్క తీసెయ్యడం నాకు చేతకాదు. చేతనయినా తియ్యను. రోజూ చూస్తున్నాను. ఉత్తరం వైపు వెళ్తోంది.

ఏప్రిల్ 6, ఆదివారం, ఉదయం 7

చుక్క మా బైపాస్ మీదికి వస్తోంటే మామయ్యా నేనూ నడిచి వెళ్ళి నిలబడ్డాం. అదే బండి. అద్దం వెనక ఎవరో కొత్త మనిషి. మామయ్య చెయ్యెత్తారు. కెమెరా ఉంది కదా, పక్కకి చూడలేదు.

ఆ చుక్కని ఆ కొత్త మనిషి ఇంట్లో కూడా ఒకావిడ చూస్తూ ఉంటుంది.

కాల్చెయ్యమని మొదట రాసిన మాట కొట్టేశాను. ఈ పుస్తకం ఆవిడకి దొరికితే బాగుండు.