గాలిల నిలబడ్డ స్లాబు

14 జూన్ 2006, బుధవారం

ఇంకా నా కోపం దిగలేదు. ముప్పై ఏండ్ల నుంచి తాపీ పట్టిన నాకు, కంప్యూటర్ల ఆట చూపించి ఇల్లు ఎట్ల నిలబడ్తదో నేర్పుతడంట!

ఖానాపురం హవేలి ఏరియాల ఒక మేడింట్ల పని. హాలు పెద్దగ కావాలని నడిమి గోడ కొట్టెయ్యమన్నడు ఇంటి ఓనరు. "సార్, పై అంతస్తు బరువంతా ఈ గోడ మీదనే ఉన్నది. తీస్తే స్లాబు కూలుతది" అన్న. ఆయన నవ్వి నన్ను కంప్యూటర్ ముందల కూసోబెట్టిండు. ఆటల తుపాకీ పేల్చి ఒక మేడ గోడలన్నీ పగలగొట్టిండు. పైకప్పు మాత్రం గాలిలనే ఉన్నది.

"చూసినవా మేస్త్రీ? గోడలు పోయినయ్, స్లాబు కదిలిందా?"

"ఇదేంది సార్, అది బొమ్మ! దానికి బరువేడిది?"

"నీకు చేతగాకపోతే చెప్పు. రేపు ఇంకో మేస్త్రీ వస్తడు."

నాకు ఒళ్లు మండింది. సామాను సర్దుకొని, సీదా పైకి పోయి, అక్కడ కిరాయికుండే సుజాతమ్మకు అంతా చెప్పిన. ఆమె చంటిపిల్లను ఎత్తుకొని కిందికి దిగింది. తెర మీద ఆ పైకప్పు ఇంకా గట్లనే వేలాడుతున్నది. దాన్ని చూసి ఒక్కటే మాట అడిగింది.

"సార్, ఆ పైన ఎవరన్నా ఉంటున్నరా?"

ఆయన కంప్యూటర్ ఆపేసిండు. గోడ సంగతి మాత్రం అవునని చెప్పలే, కాదని చెప్పలే.

రేపొచ్చే ఆ మేస్త్రీ ఎవరో నాకు తెల్వదు. పొద్దుగాలనే పోయి గేటు కాడ నిలబడ్త. సుత్తి పట్టుకొని ఎవడొస్తడో చూస్త.