మా అమ్మాయి క్లీనరు కాదు

రేపల్లె, నవంబరు 4

వసుంధర మేడం గారికి,

లారీ డ్రైవరు ఖాజా మొహిద్దీన్ సలాములు. ఫోనైతే కోపంలో నోరు జారుతుందని ఉత్తరం రాస్తున్నానండి. మీ బాపట్ల కాలేజీలో మా అమ్మాయి తహసీన్ కంప్యూటర్ కోర్సు మొదటి పరీక్షే తప్పింది. ఇప్పుడేమో ఇద్దరికి కలిపి ఒకే కంప్యూటర్ ఇస్తున్నారట. రేపు డిగ్రీ కూడా ఇద్దరికి ఒకటే ఇస్తారా?

ఇట్లు,
ఖాజా మొహిద్దీన్

తా.క.: కంప్యూటర్లు చాలకపోతే మొహమాటపడకండి. తెనాలిలో సెకండ్‌హ్యాండ్‌వి చూశాను. లారీలో తెచ్చి దింపుతాను.


బాపట్ల, నవంబరు 9

ఖాజా గారికి నమస్కారం.

కంప్యూటర్లు సరిపడా ఉన్నాయండి. పిల్లలే మిగలడం లేదు. ఏటా మూడోవంతు మంది మొదటి ఏడాదిలోనే మానేస్తున్నారు. అందుకే ఈసారి జంటగా ప్రోగ్రాములు రాయిస్తున్నాను. టైపు చేసేవాళ్లని డ్రైవర్ అంటాం. పక్కవాళ్లు తప్పులు పట్టి దారి చెబుతారు. అరగంటకోసారి సీట్లు మారతారు. తహసీన్‌కి జత తెనాలి అమ్మాయి తేజస్వి.

భవదీయ,
వసుంధర

తా.క.: మీరు డ్రైవరే కనుక ఇట్టే అర్థమవుతుంది.


రేపల్లె, నవంబరు 13

మేడం గారికి,

బాగా అర్థమైందండి! నా కూతురు స్టీరింగ్ పట్టకూడదనే ఇరవై ఎనిమిదేళ్లు నేను పట్టాను. పైగా అరగంట డ్రైవరు, అరగంట క్లీనరా? పక్కన కూర్చుని "రానీ, రానీ, ఆగు" అనేవాణ్ని మా లారీల్లో క్లీనరే అంటారు. సోమవారం వచ్చి టీసీ తీసుకుంటాను.

ఇట్లు,
కోపంగా, ఖాజా మొహిద్దీన్

తా.క.: ఆ తేజస్వికి పెనుమూడి వంతెన మీద రివర్సు చెప్పడం వచ్చేమో అడగండి.


బాపట్ల, నవంబరు 15

ఖాజా గారూ,

టీసీ తప్పకుండా ఇస్తాను. ముందు ఒక్క గంట మా ల్యాబులో కూర్చోండి. నేనేమీ మాట్లాడను.

వసుంధర

తా.క.: అడిగాను. రాదట. మీరొస్తే నేర్చుకుంటుందట.


రేపల్లె, మే 20

వసుంధరమ్మ గారికి వేయి సలాములు.

ఆ సోమవారం టీసీ అడగడమే మర్చిపోయి వచ్చేశానండి. "ఆగవే, ఆ లైను తప్పు" అని తేజస్వి అంటే, "ఏంటి, ఎక్కడ?" అని మా పిల్ల నవ్వింది. ఇంట్లో అయితే కంప్యూటర్ ముందు ఒక్కతే కూర్చుని ఏడ్చేది. ప్రోగ్రాం నడవగానే ఇద్దరూ కేక పెట్టారు, నేను ఈల వేశాను.

నిన్న ఫలితాలొచ్చాయి. తహసీన్‌కి ఫస్ట్ క్లాసు! అరవైమందిలో ఒక్కరూ మానలేదట!

మీకు చెప్పని సంగతొకటుంది. మా పెద్దమ్మాయి పర్వీన్ మూడేళ్ల క్రితం వేరే ఊళ్లో ఇదే చదువులో చేరి, నాలుగు నెలలకే మానేసింది. అందరికీ వస్తోంది, తనకే రావట్లేదనుకుని ఎవర్నీ అడగలేకపోయింది. రెండోది కూడా అలా ఇంటికొస్తుందని భయపడి మీ మీద ఎగిరాను. మన్నించండి.

ఈ కవర్లో ఉన్నది టీసీ కాగితం కాదండి. పర్వీన్ అడ్మిషన్ దరఖాస్తు.

మీ విధేయుడు,
ఖాజా మొహిద్దీన్

తా.క.: పర్వీన్‌కి జత ఎవరని మీరు వెతకక్కర్లేదు. వాళ్లమ్మ సైదాబీ తయారుగా ఉంది. ఎనిమిదో తరగతి పాసు. సీటు ఉంటుందాండి?