సున్నం కొట్టిన సమాధి

గార్ల,
సోమవారం

ప్రియమైన బిడ్డ రూపకు, ప్రభువు పేరిట నాయిన యాకయ్య రాస్తున్నది.

నువ్వు సెలవులకొచ్చి పోయినంక మీ అమ్మ నీ పాత సంచి దులిపితే గోలీల పట్టీ పడింది. మెడికల్ షాపులో చూపిస్తే, "గిది గర్భం రాకుండ ఏసుకునేది" అన్నడు. నలుగురున్నరు అక్కడ, నేను పాస్టర్‌నని తెలిసినోళ్లే. బైబిల్ల మోషే మీద తిరగబడ్డ కోరహును మింగిన నేల నన్నూ మింగితే బాగుండనిపించింది.

పెండ్లి కాలేదు, డిగ్రీ కాలేదు. పదివేల మీటర్లు ఉరుకుతవని భూపాలపల్లి అకాడమీకి పంపితే నేర్చింది ఇదా? దేహం దేవుని ఆలయమని నీ చెవుల పోసిన వాక్యం ఎటు పోయింది? ఆదివారం మహబూబాబాద్ పోటీ అయిపోంగనే ఇంటికి రా. అప్పటిదాక ఉపవాసముండి పశ్చాత్తాపపడు.

కోపంతోనే,
నీ నాయిన

భూపాలపల్లి,
బుధవారం

ప్రియమైన నాయినకు,

మా ఫోన్లు కోచ్ సార్ గుంజుకున్నడు. అందుకే బొగ్గు లారీ తోలే మన ఊరి హీర్యా అన్నతోనే ఇది కూడా పంపుతున్న.

షాపాయన్ను అడిగినవు. నన్ను అడగలేదు! ఆ గోలీలు ఇచ్చింది మా కోచ్ లక్ష్మీకాంత్ సార్. ఇక్కడ ఆడపిల్లలందరికీ ఇస్తడు. "పోటీ రోజు ముట్టయితే మెడల్ పోతది. బలం గోలీ, మింగుండ్రి" అంటడు. ఒళ్లు బరువెక్కొద్దని పొద్దున ఒక్క రొట్టె పెట్టిస్తడు.

నెలనెలా నెత్తురు కనబడుతుంటే అంతా మంచిగనే ఉందనుకున్న. మొన్న మోకాలి కింద నొప్పి నిలబడనియ్యలేదు. వార్డెన్ పూజక్క దవాఖానకు తీసుకపోయింది. ఎముక సన్నగా పగిలిందట. డాక్టరమ్మ అన్నది: "ఇంత ఉరికి గింతే తింటే ఒళ్లు నెలసరి ఆపేస్తది. అది ఒంటి మొర. నీకొచ్చేది అసలు నెలసరి కాదు బిడ్డా, గోలీ ఆపిన రోజుల్ల వచ్చే నెత్తురు. ఆ గోలీనే ఒంటి మొర నీకు వినబడకుండ చేసింది. లోపల ఎముక గుల్లయితున్నది." అవసరముండి, తెలిసి వేసుకునేవాళ్లకు ఆ గోలీ తప్పేం కాదని కూడా చెప్పింది.

సార్ మాత్రం, "కాలికి కట్టు కట్టుకొని ఆదివారం ఉరుకు. లేకుంటే హాస్టల్ మంచం ఖాళీ చెయ్" అంటున్నడు.

ఉపవాసముండమన్నవు. నా ఒళ్లు ఏడాది నుంచి ఉపవాసంలోనే ఉన్నది నాయినా. ఇంక దేనికి పశ్చాత్తాపపడాలె?

నీ రూప

గార్ల,
శనివారం

ప్రియమైన నా తల్లీ రూపా,

నీ ఉత్తరం చదివి గోడను గుద్దిన. "గోడ ఏం జేసింది? పోయి ఆ కోచ్‌ను అడుగు" అన్నది మీ అమ్మ.

వేషధారులను ప్రభువు పోల్చిన సున్నం కొట్టిన సమాధుల మీద ఎన్ని ప్రసంగాలు చేసిన! బయట తెలుపు, లోపల ఎముకలు. ఆ సున్నం నా బిడ్డ ఒంటికే కొట్టిండా వాడు? బలం గోలీ అని అబద్ధమాడి?

సిగ్గుతో పెట్టె అడుగున దాచిన ఆ పట్టీనే నిన్న మందిరంలో స్త్రీల కూడికలో అందరి ముందర పైకెత్తి పట్టుకున్న. "మీ బిడ్డలకూ ఇచ్చిండ్రా?" అంటే, నీ తోటి ఉరికే స్రవంతి వాళ్ల అమ్మ సమ్మక్క లేచి, "మా స్రవంతి తాన గూడ చూసిన అన్నా. భయపడి పొయ్యిల ఏసిన" అని ఏడ్చింది. ఆమె కూడా నాతోని వస్తున్నది.

రేపు మందిరంలో నా ప్రసంగం లేదు. మహబూబాబాద్ గ్రౌండులోనే ఉన్నది. వాళ్లు నీ పేరు పిలిస్తే నువ్వు లేవకు. నేను లేస్త.

ఉపవాసం కొట్టేసిన. హీర్యా తెచ్చిన డబ్బాలో గుడ్లు, పల్లిముద్దలు ఉన్నయి. వాని ముందరనే తిను. తిన్నవని వాడొచ్చి నాకు సాక్ష్యం చెప్పాలె.

ఇంకా కోపంతోనే, నీ మీద కాదు,
నాయిన