శబ్దం చేయని సైకిలు మీద ఫిర్యాదు

సైకిళ్ళ కంపెనీ ఫిర్యాదుల విభాగం వారికి,

కొండ మీద తేనెపెట్టెలు పెట్టుకుని బతికే ముసలివాడు నమస్కరించి రాయునది.

నాకు ఫిర్యాదేమీ లేదు. సైకిలుతో మీరిచ్చిన పుస్తకం చివర ఉన్న చిరునామా మీదొక్కటే కనక మీకు రాస్తున్నాను. పాత కొనుగోలుదారులని గుర్తు పెట్టుకుని, కొత్తగా మార్చిన మీ కొండలెక్కే బ్యాటరీ సైకిలుని నెల్లాళ్ళు వాడి చూడమన్నారు. నచ్చితే పాతదిచ్చి ఇది ఉంచుకోమన్నారు, అభిప్రాయం రాయమన్నారు. నా అభిప్రాయం అడిగిన మొదటి కంపెనీ మీదే. ఇంట్లో కూడా ఎవరూ అడగరు.

ముందు పాతబండి సంగతి చెప్పాలి. మోకాళ్ళు మొరాయించిన ఏడు, పెట్టెలు అమ్మేసి ఇంట్లో కూర్చోమని మా అల్లుడు సలహా ఇచ్చాడు. మంచివాడే, సలహాలు కాస్త ఎక్కువ. అప్పుడు కొన్నాను మీ సైకిలు. అది లేకపోతే ఈపాటికి వరండాలో కూర్చుని తేనెటీగల బదులు ఈగలు తోలుకుంటూ ఉండేవాణ్ణి. బరువు మాత్రం దండిగా ఉంటుంది. ఒకసారి దొంగెవడో దాన్ని గేటు దాకా మోసి, అక్కడే దించేసి వెళ్ళిపోయాడు. పాపం, నడుం పట్టేసి ఉంటుంది.

ఇక కొత్తది. బొత్తాం నొక్కితే సీటు దానంతటదే కిందికి దిగుతుంది. ఎక్కేవాడు పెద్దవాడని దానికెవరు చెప్పారో. నిటారు ఎక్కుడులో దిగి నడిపిస్తే, మోటారు మెల్లగా తిరుగుతూ మన పక్కన తనే నడుస్తుంది. నేను దాన్ని తోలుకెళ్తున్నానో అది నన్ను తోలుకెళ్తోందో చూసేవాళ్ళకి తెలియదు. పాతదాని బ్యాటరీ కొండ ఎక్కేసరికి సొమ్మసిల్లేది. ఇది పైకెళ్ళి వచ్చాక కూడా 'ఇంకెక్కడికి?' అన్నట్టు నుంచుంటుంది.

అన్నిటికన్నా వింత, దీనికి శబ్దం లేదు. పాతది మలుపు దగ్గరే కూనిరాగం తీసేది. అది విని మా ఆవిడ పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. నేను చెప్పులు విప్పేసరికి టీ సిద్ధం. ఇప్పుడు నేనొచ్చి వెనక నుంచున్నా ఆవిడకి తెలియడం లేదు, టీ ఆలస్యమవుతోంది. అయితేనేం, నీళ్ళు మరిగేదాకా ఇద్దరం కబుర్లు చెప్పుకుంటున్నాం. అందుకూ మీకే కృతజ్ఞతలు.

ఇట్లు,
అందరూ తేనె తాత అని పిలిచే మీ పాత కొనుగోలుదారు.

తా.క. ఏది ఉంచుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. రెండూ పక్కపక్కన పెడితే పాతది ముఖం తిప్పుకున్నట్టు అనిపిస్తోంది.

*

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

తమ ఫిర్యాదు అందినది. "కొత్త మోడల్‌లో శబ్దము లేదు, తత్ఫలితముగా టీ ఆలస్యమగుచున్నది" అను లోపమును నమోదు చేసితిమి. తమకు కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము. శబ్దము ఎందుచేత లేదో పరిశీలించుటకు మెకానిక్‌ను పంపుచున్నాము.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం.

తా.క. టీ విషయమై కంపెనీకి ఎట్టి బాధ్యతయు లేదు.

*

ఫిర్యాదుల విభాగంలో ఉత్తరాలు రాసే అమ్మకో అయ్యకో,

తేనె తాత నమస్కారాలు. శబ్దం లేదని నేను బాధపడలేదు, సంతోషపడ్డాను. అయినా మనిషిని పంపారు. ఎంత మంచి మనిషిని పంపారండీ.

గుమ్మం తగలకుండా తల వంచి లోపలికొచ్చాడు. మా ఆవిడ వెంటనే పొడుగాయన అని పేరు పెట్టేసింది.

"శబ్దం రావట్లేదని రాశారా బాబాయిగారూ?" అన్నాడు.

"రావట్లేదని మురిసిపోయి రాశానయ్యా."

"మురిసిపోతే నన్ను పంపడం ఇదే మొదటిసారి," అని నవ్వి, పెడల్స్ మధ్య ఉన్న మోటారుకి చెవి ఆనించి, డాక్టరులా కాసేపు విన్నాడు. "నిక్షేపంలా ఉంది," అన్నాడు.

అక్కడితో వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. పాతబండి బ్రేకు చూసి, "అరిగిపోయిన సబ్బుబిళ్ళలా ఉంది, దీంతోనే కొండ దిగుతున్నారా? పిన్నిగారూ, మీరెలా ఊరుకున్నారు?" అన్నాడు.

"నేను ఊరుకోలేదు నాయనా. ఈయన వినలేదు," అంది మా ఆవిడ.

తన సంచిలో ఉన్న కొత్త బ్రేకు బిళ్ళలు ముందు చక్రానికి వేశాడు. వెనకదానికి సరిపడేవి లేవు, మళ్ళీ వచ్చి వేస్తానన్నాడు. మా ఆవిడ కుట్టుమిషను పట్టీ కూడా బిగించాడు. పాతదా కొత్తదా అని నేనడిగితే, "నన్ను కాదు, మీ మోకాళ్ళని అడగండి," అన్నాడు. మాతో భోంచేసి, వరండాలో కాసేపు నడుం వాల్చాడు. తేనెటీగ కుడితే కిక్కురుమనలేదు. వెళ్ళేటప్పుడు సంచిలో తేనెసీసా పెట్టి పంపాం. ఒక పూటంతా మాతో గడిపాడు. ఇలాంటి ఉద్యోగి ఉన్నందుకు మీరు అదృష్టవంతులు.

ఇట్లు,
రెండు బండ్ల మధ్య ఊగిసలాడుతున్న తేనె తాత.

తా.క. వరండాలో ఆయన గురక విన్నాక, కొత్తబండికి శబ్దమంటూ పెట్టదలుచుకుంటే అది పెట్టవచ్చుననిపించింది.

*

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

తమ రెండవ ఫిర్యాదు అందినది. సదరు మెకానిక్ కంపెనీ పంపని పాతబండిని తాకుట, కుట్టుమిషను మరమ్మతు చేయుట, పనివేళలో నిద్రించుట, గురక పెట్టుట, వినియోగదారు నుండి తేనె స్వీకరించుట వంటి అక్రమములను తమరు వివరముగా తెలిపినందులకు అభినందిస్తున్నాము. విచారణ ముగియు వరకు ఆయనను విధుల నుండి తప్పించితిమి.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం.

తా.క. తేనెటీగ కంపెనీ ఉద్యోగి కానందున దానిపై చర్య తీసుకొనజాలము.

*

అమ్మా, లేదా అయ్యా,

మీరెవరైనా సరే, మీకు దణ్ణం పెడతాను. నేను ఆయన్ని మెచ్చుకుంటూ రాశాను. మీరు చదివిన ఉత్తరం నాదేనా?

కళ్ళు మూతలు పడుతుంటే నేనే చాప వేసి బలవంతాన పడుకోబెట్టాను. తేనె వద్దంటే వద్దన్నాడు. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ సీసా సంచిలో దూర్చింది. ఆయనకి తెలియనే తెలియదు. మిషను సంగతంటారా, కీచుమంటున్న వస్తువు పక్కన చేతులు కట్టుకుని కూర్చోలేని మనిషి. అది గుణమేగాని నేరం కాదు.

కొత్తబండి గొప్పదే. రాళ్ళదారిలో కూడా తేనె తొణకకుండా తెస్తోంది. కానీ ఆయన పని పోయిందంటే నేను దాన్నీ ఎక్కను, పాతదాన్నీ ఎక్కను. దయచేసి ఆ మనిషిని పనిలోకి తీసుకోండి.

ఇట్లు,
మీ దయ కోరే తేనె తాత.

తా.క. మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది. "పొగిడి ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టినవాణ్ణి మిమ్మల్నే చూశాను," అంది. అంటే, ఆ ఒక్కమాటా మాట్లాడింది.

*

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

తమ మూడవ ఫిర్యాదు అందినది. సదరు మెకానిక్ తన సంచిని తాను తనిఖీ చేసుకొనడనియు, చాప కనిపించిన లొంగిపోవుననియు తమరు తెలిపిన అదనపు అంశములను విచారణకు జతపరచితిమి. వచ్చే వారము తుది నిర్ణయము వెలువడును.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం.

తా.క. తాతగారూ, పైది మా పెద్ద అధికారి చెబితే నేను టైపు చేసింది. ఇది నా అంతట నేను చేత్తో రాస్తున్నాను. మీ మొదటి ఉత్తరం చదివి, "సార్, ఇది ఫిర్యాదు కాదు, కృతజ్ఞతలు," అన్నాను. "ఫిర్యాదుల విభాగానికి పనిగట్టుకుని పొగుడుతూ ఎవరు రాస్తారమ్మా? లోపల ఏదో బాధ ఉంటుంది, సరిగ్గా వెతుకు," అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఇన్నేళ్ళుగా రోజూ లోపాలే చదివి చదివి అలా అయిపోయారు. మా ఫారాల్లో మంచిమాటకి గడి లేదు, విన్నపానికీ లేదు. ఫిర్యాదుకి మాత్రం వినియోగదారు అడిగిన పరిష్కారం చేసి తీరాలని నియమం ఉంది. పొడుగాయన ఇంట్లో సంపాదించేది ఆయనొక్కరే. దయచేసి ఇంక మంచిగా రాయకండి. మీకు తిట్టడం వచ్చా?

*

ఫిర్యాదుల విభాగం పెద్ద అధికారికి,

నమస్కారాలు తర్వాత, ముందు పని సంగతి.

మీ మెకానిక్ మా ఇంట్లో ఒక్కపూట మాత్రమే ఉన్నాడు. రెండు బండ్లు చూడడానికి ఒక్కపూట ఏ మూలకి? పాతబండి ముందు బ్రేకు బాగుచేశాడు, వెనకది మళ్ళీ వచ్చి చేస్తానన్నాడు, రాలేదు. ఏమంటే మీరే ఆపారట. సగం బ్రేకులతో కొండ దిగే మనిషికి ఏమైనా అయితే జవాబు మీరు చెబుతారా? కుట్టుమిషను పట్టీ బిగించాడు, దాని చక్రం ఇంకా కీచుమంటోంది. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేయడం మీ కంపెనీ పద్ధతి కాబోలు. తేనెసీసా వెళ్ళింది, ఖాళీసీసా రాలేదు. ఇంకెవరి చేతనో పంపితే పుచ్చుకోం.

పరిష్కారం మేమే చెబుతున్నాం, మీరు ఆలోచించి అలసిపోనక్కర్లేదు. ఆ మనిషే రావాలి. నెలకోసారి రావాలి. పూట కాదు, రోజంతా ఉండాలి. భోజనం మా ఇంట్లోనే చెయ్యాలి, లేకపోతే మధ్యలో తిండికని వెళ్ళి పని ఆలస్యం చేస్తాడు. వేరేవాళ్ళని పంపితే గేటు తియ్యం.

కొత్తబండి మంచిదో కాదో ఆయన వచ్చేదాకా చెప్పేది లేదు. నెల అయిపోయిందని దాన్ని పట్టుకుపోవడానికి ఎవరైనా వస్తే, అది శబ్దం చెయ్యకపోయినా మేం చేస్తాం.

ఇట్లు,
ఓపిక అయిపోయిన వినియోగదారు.

తా.క. జవాబు కింద మీ సంతకం ఉండాలి. తరవాత నేను అనలేదంటే కుదరదు.

*

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

తమ నాలుగవ ఫిర్యాదు అందినది. మా విభాగమునకు ఇంత స్పష్టమైన ఫిర్యాదు మునుపెన్నడును అందలేదు. తమరు కోరిన పరిష్కారము యథాతథముగా మంజూరైనది. సదరు మెకానిక్ విధులలో చేరినారు. నెలకొక రోజు తమ ఇంటనే పనిచేయుదురు. భోజనము విధులలో భాగముగా పరిగణించబడును.

అంతియే గాక, రాబోవు మోడల్‌కు లోపములు పట్టువారిగా తమను నియమించుచున్నాము. అందుకై కొత్తబండి తమ వద్దనే యుండును. పాతదానిని తిరిగి ఇవ్వనక్కరలేదు.

ఇట్లు,
పెద్ద అధికారి (సంతకము కనబడునట్లు).

తా.క. తాతగారూ, నేను మీ ఉత్తరం చదివి వినిపిస్తుంటే సగంలో సార్ కుర్చీలోంచి లేచి నుంచున్నారు. విభాగంలో అందరికీ మళ్ళీ చదివించారు. పొడుగాయన గోడకి ఆనుకుని నవ్వీ నవ్వీ చివరికి కళ్ళు తుడుచుకున్నారు. ఇంత విద్య ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారు?

*

ఉత్తరాల అడుగున చేత్తో రాసే తల్లికి,

తేనె తాత ఆశీస్సులు. విద్య నాది కాదమ్మా. ఆ ఉత్తరంలో చేతిరాత ఒక్కటే నాది.

నువ్వు తిట్టడం వచ్చా అని అడిగాక కూర్చుని ప్రయత్నించాను. రెండోవాక్యంలోనే 'తమ సహృదయానికి' అని వచ్చేసింది. మా ఆవిడ నా భుజం మీంచి చదివి, "కలం మీ దగ్గరే ఉంచుకోండి. నేను చెప్పింది రాయండి," అంది. కూరగాయలు తరుగుతూ, కత్తి ఆపకుండా చెప్పింది. నేను చెమటలు తుడుచుకుంటూ రాశాను.

రాస్తుంటే, ఈ మాటలు విన్నవాడెవడైనా దిగి రావాల్సిందే అనిపించి, పాత సంగతులు గుర్తొచ్చాయి. నా మోకాళ్ళు చూడడానికి ఎన్నో నెలల తరవాతికి తేదీ ఇచ్చిన డాక్టరు, ఉన్నట్టుండి ముందుకు జరిపి పిలిచాడు. ఎంత దయగలవాడో అనుకుని ఆయనకి తేనె పట్టుకెళ్ళాను. పెట్టెలు అమ్మేయమన్న అల్లుడు, ఒక ఆదివారం తరవాత ఆ ఊసే ఎత్తలేదు. బుద్ధిమంతుడు, నా మనసు తెలుసుకున్నాడని ఊరంతా చెప్పుకున్నాను. నాకు అందరూ మంచివాళ్ళే తగులుతారని ఇన్నేళ్ళూ మురిసిపోయాను తల్లీ. నేను కృతజ్ఞతలు చెప్పడానికి వెళ్ళే ప్రతి గుమ్మానికీ, నాకంటే ముందు ఆవిడ వెళ్ళి ఒక మాట చెప్పి వచ్చిందన్నమాట.

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా? అల్లుణ్ణి కూడా అడిగావా?" అన్నాను.

"అవన్నీ ఇప్పుడెందుకు? కింద సంతకం పెట్టండి," అంది.

పెట్టేశాను. పెట్టాక, కృతజ్ఞతలు ఎలా చెప్పాలో నాకు మొట్టమొదటిసారి తెలియలేదు. ఊరందరికీ చెప్పినవాణ్ణి, వంటింట్లో ఆవిడ చేతిలోంచి కత్తి తీసుకుని మిగిలిన కూరగాయలు నేను తరిగాను. "ఇంత పెద్దముక్కలా?" అంది. అంటూనే వాటితోనే కూర వండింది.

కనక ఆ లోపాలు పట్టే పదవి ఆవిడ పేరున రాయించు. కొత్తబండీ ఆవిడదే. పొడుగాయన మొన్న వచ్చి ఆవిడని ఎక్కించి కొండ మీదికి తీసుకెళ్ళాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా తేనెపెట్టెలని ఆవిడ చూడడం అదే మొదటిసారి. పాతదా కొత్తదా అన్న ప్రశ్నకి నా అభిప్రాయం ఇది: కొత్తది మేలు. పాతది నాది.

వచ్చేనెల పొడుగాయనతో పాటు నువ్వూ రా. మంచిమాట రాయడానికి అడుగున జాగా చాలని పిల్లవి, భోజనాల దగ్గర కూర్చుని తీరిగ్గా చెబుదువుగాని.

ఇట్లు,
లోపాలు పట్టే అధికారిణి గారి భర్త.

తా.క. ఇందులో ఫిర్యాదు ఒక్కటీ లేదు కనక మీ సారుకి చూపించకు. ఆవిడ కొత్తబండి మీద తన మొదటి నివేదిక చెప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో కాగితాలు అయిపోయాయి, తేవడానికి బజారుకి వెళ్తున్నాను. నివేదిక ఇంకా ముందు చక్రం దగ్గరే ఉంది.